పారువేట పల్లకీ దారి - మన చరిత్ర దారి

(నంద్యాలలో జరిగిన విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగం పాఠం)



చరిత్ర గురించి మాట్లాడటానికి నంద్యాల కంటే మంచి ఊరు మనకు లేదు. 1928 నవంబరులో ఆంధ్రమహాసభ ఈ ఊళ్లోనే జరిగింది. ఆ సభల సందర్భంలోనే కడప కోటిరెడ్డి గారి అధ్యక్షతన మనవాళ్లు విడిగా కూర్చున్నారు. అప్పటిదాకా మనది ‘దత్తమండలం’. అంటే 1800లో నిజాం ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చేసిన నేల అని అర్థం. ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ మధ్య జరిగిన బేరమే మన పేరై కూర్చుంది. ఆ అవమానం మనకొద్దని చిలుకూరి నారాయణరావు గారు ‘రాయలసీమ’ అనే పేరు ప్రతిపాదిస్తే, సభ చేతులెత్తి ఒప్పుకుంది. అలా మన పేరు మనమే పెట్టుకున్న ఊరు ఇది.

పేరైతే పెట్టుకున్నాం. ఆ పేరు వెనక ఉన్న చరిత్రను ఎంతమందిమి చదివినాం? మైసూరు దసరా ఊరేగింపు మన పిల్లలకు తెలుసు. కలకత్తా దుర్గాపూజకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిందని పోటీపరీక్షలకు చదివే పిల్లలు టక్కున చెప్తారు. గుజరాత్ గర్బాకు 2023లో వచ్చిందనీ చెప్తారు. ఇక్కడికి కూతవేటు దూరంలో, ఆళ్లగడ్డ చుట్టూ ఉన్న పల్లెల్లో, ఏటా నలభై రోజులకు పైగా ఒక పల్లకీ నడుస్తుంది. దాని చరిత్ర ఏమిటంటే మాత్రం నేల చూపులు చూస్తాం. తప్పు పిల్లలది కాదు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు, పాఠంలో ఎక్కడా రాయలేదు. అందుకే ఈరోజు మేము అహోబిలం పారువేట గురించి మాట్లాడదలచుకున్నాం.

ఇది భక్తి ప్రసంగం కాదు

ముందుగా ఒక మాట. మేము పురాణం చెప్పడానికి రాలేదు. దేవుణ్ని నమ్మేవాళ్లూ నమ్మనివాళ్లూ ఈ సభలో ఉన్నారు. ఇద్దరికీ పనికొచ్చే మాటే చెప్తాం. పారువేట ఒక పూజా కార్యక్రమమే కాదు. అది పల్లెల మధ్య ఉన్న ఒక ఒప్పందం. ఆ ఒప్పందం ఎలా నిలబడిందో అర్థం చేసుకుంటే సీమ ఎలా నిలబడిందో అర్థమవుతుంది.

పారువేట అంటే వేట ఉత్సవం. దేవుడు వేటకు బయల్దేరడమనే ఆచారం చాలా గుళ్లలో ఉంది. తిరుమలలోనూ కనుమ నాడు పారువేట జరుగుతుంది. అక్కడ అది ఒక్కరోజు ముచ్చట. స్వామి మండపం దాకా వెళ్తాడు, వేట జరుగుతుంది, తిరిగి గుడికి చేరతాడు. అహోబిలంలో అట్లా కాదు. కనుమ నాడు కొండ దిగిన సామి మళ్లీ గుడికి చేరేసరికి ఫాల్గుణ మాసం బ్రహ్మోత్సవాలు దగ్గర పడతాయి. ఎగువ అహోబిలం జ్వాలా నరసింహుడు, దిగువ అహోబిలం ప్రహ్లాద వరదుడు, ఇద్దరు సాములూ ఒకే పల్లకీలో కూర్చుని ఊరూరూ తిరుగుతారు. బాచేపల్లితో మొదలుపెట్టి ముప్పైకి పైగా ఊళ్లు. ఆళ్లగడ్డ, రుద్రవరం లాంటి పెద్ద ఊళ్లూ ఆ దారిలోనే ఉన్నాయి, పదుల ఇళ్లున్న చిన్న పల్లెలూ ఆ దారిలోనే ఉన్నాయి.

ఎందుకు తిరుగుతాడయ్యా అంటే, మా పక్క ముసలమ్మను అడిగినా ఒకటే జవాబు చెప్తుంది. ‘‘సామి పెండ్లికి పిలుసుకోను వచ్చినాడు’’ అంటుంది. ఫాల్గుణంలో తన కల్యాణం ఉంది, ఆ కల్యాణానికి రమ్మని పిలవడానికి తానే ఇంటింటి ముందుకూ వచ్చినాడు. జనం గుడికి పోయి దేవుడి ముందు నిలబడటం లోకం పద్ధతి. ఇక్కడ దేవుడే జనం ముందుకొచ్చి నిలబడతాడు. శుభలేఖ పంపించి ఊరుకోకుండా, గడప దాకా వచ్చి బొట్టు పెట్టి పిలిచే మన సీమ మర్యాద ఇదే.

పల్లకీ వచ్చిన రోజు ఊరు

ఆ ఊళ్లలో పుట్టినవాళ్లకు మేము చెప్పే పని లేదు. పట్నంలో పుట్టిన పిల్లల కోసం చెప్తున్నాం.

ఊరి నడుమ ఒక రాతికట్ట ఉంటుంది. మా పక్క దాన్ని ‘తెలుపు’ అంటారు. ఏడాదంతా ఆ కట్టమీద ముసలివాళ్లు కూర్చుంటారు, పిల్లలు ఆడుకుంటారు, మధ్యాహ్నం పూట మేకలు కూడా ఎక్కుతాయి. పారువేట దగ్గర పడేసరికి ఆ కట్టకు సున్నం పడుతుంది, పందిరి లేస్తుంది, మామిడాకులు కట్టుకుంటుంది. పక్క ఊరి పొలిమేర దాకా తప్పెట్లతో, మేళాలతో ఎదురుపోయి పల్లకీని తెచ్చుకుంటారు. తెలుపు మీద సామిని కొలువుంచుతారు. ఊరంతా వరుసగా వచ్చి టెంకాయ కొట్టుకుంటుంది.

ఆరోజుకు అత్తగారిళ్ల నుంచి ఆడబిడ్డలు పుట్టింటికొస్తారు. హైదరాబాదులో వాచ్‌మన్‌గా ఉన్న అన్న వస్తాడు, బెంగళూరులో తాపీపని చేసే తమ్ముడు వస్తాడు, ఎక్కడో సాఫ్ట్‌వేర్ కొలువు చేసే పిల్లవాడూ సెలవు పెట్టుకుని వస్తాడు. కొన్ని ఊళ్లలో సంక్రాంతి కంటే పారువేటే పెద్ద పండగ. ‘‘సంకురాత్రికి రాకపోయినా ఫరవాలేదు, పారేటకు రా’’ అని ఫోన్లో చెప్పే తల్లులు మాకు తెలుసు. బొరుగుల అంగళ్లు, మిఠాయి అంగళ్లు, గాజుల మలారాలు, రంకులరాట్నం. ఊరికి ఒకరోజు తిరునాళ్ల. పల్లకీ కదిలిపోతుంటే ఆడవాళ్లు కళ్లొత్తుకుంటారు, కూతుర్ని సాగనంపినట్టు.

సమయం కూడా చూడండి. కనుమ నాటికి ఖరీఫ్ పంట ఇంటికొచ్చి ఉంటుంది. చేతిలో నాలుగు గింజలుంటాయి, నాలుగు రోజులు తీరిక ఉంటుంది. ఎండలు ముదరకముందే పల్లకీ తిరగడం పూర్తవుతుంది. సేద్యగాడి పంచాంగం చూసి పెట్టిన పండగ ఇది. మన పెద్దలు దేవుడి తిరుగుడును కూడా రైతు తీరికకు కట్టినారు.

రాజులు మారినారు, దారి మారలేదు

ఇక చరిత్ర. అహోబిలం ఈనాటి ఊరు కాదు. తిరుమంగై ఆళ్వారు పాడిన క్షేత్రం. పధ్నాలుగో శతాబ్దంలో ఎర్రన ‘నృసింహ పురాణం’ రాసినాడు. అహోబిల మఠం 1398లో ఏర్పడిందని మఠ సంప్రదాయం చెప్తుంది. మొదటి జీయరు ఆదివన్ శఠగోప స్వామి కాలం నుంచే ఈ పారువేట నడుస్తోందని కూడా ఆ సంప్రదాయమే చెప్తుంది. అంటే ఆరు వందల ఏండ్ల మాట. కృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర కాలంలో అహోబిలం వచ్చి కానుకలు సమర్పించినాడు. ఆయన నాటించినాడని చెప్పే జయస్తంభం ఇప్పటికీ దిగువ అహోబిలంలో ఉంది. మన సీమకు పేరిచ్చిన రాయలు మన సామికి మొక్కిన చోటు అది.

తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగరం చితికిపోయింది. 1579లో గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా సేనలు అహోబిలం పట్టుకున్నాయి. దీన్ని కొందరు మతాల గొడవగా చెప్పుకుంటారు. కానీ ఆ సేనల వెంట మన హండే నాయకులూ ఉన్నారని అక్కడి శాసనమే చెప్తోంది. అది రాజ్యాల గొడవ, సొమ్ముల గొడవ. ఐదారేండ్ల తర్వాత కొండరాజు వెంకటరాజు శ్రీరంగరాయల అనుమతితో దండెత్తి గుడిని తిరిగి నిలబెట్టినాడు.

తర్వాత కర్నూలు నవాబులు వచ్చినారు. 1839లో ఇంగ్లీషువాళ్లు ఆఖరి నవాబు గులాం రసూల్ ఖాన్‌ను దించేసి ఆయన రాజ్యాన్ని కలిపేసుకున్నారు. 1846లో ఈ పల్లకీ తిరిగే నేల పక్కనే, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడి కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను కోవెలకుంట్లలో ఉరితీసినారు. ఏండ్ల తరబడి ఆయన తల కోట గుమ్మానికి వేలాడింది. ఆయన పేరులోనూ నరసింహుడే ఉన్నాడు, గమనించండి. ఆ నేలలో ఇంటికొక ఓబులేసు, ఇంటికొక నరసింహులు, ఇంటికొక ఓబులమ్మ. పల్లకీ ఎంత దూరం నడిచిందో తెలుసుకోవాలంటే రేషన్ కార్డుల్లో పేర్లు చూస్తే చాలు.

1858లో కర్నూలు జిల్లా అయింది. 1866లో కరువొస్తే ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేలమందికి గంజి పోసినాడు. పదేండ్లకు ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా సీమను పీల్చి పిప్పి చేసిన కరువది. కర్నూలు జిల్లా ఘోరంగా దెబ్బతిన్నది. 1953లో కర్నూలు రాజధాని అయింది, 1956లో ఆ రాజధాని పోయింది. 2014లో రాష్ట్రం విడిపోయింది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా వచ్చింది.

ఒకసారి లెక్క వేసుకోండి. విజయనగరం, గోల్కొండ, నవాబు, కంపెనీ, మద్రాసు, ఆంధ్ర, ఆంధ్రప్రదేశ్. పటం ఎన్నిసార్లు గీసినారో, ఎన్నిసార్లు చెరిపినారో! గీసిన ప్రతివాడూ ఎక్కడో దూరాన కూర్చుని గీసినాడు. కనుమ నాటికి కొండ దిగే పల్లకీ మాత్రం ఏ పటాన్నీ అడగలేదు. అది నడిచిన దారే ఒక పటం. దాన్ని కాళ్లతో గీసినారు, భుజాలతో గీసినారు.

అల్లుడు సామి

ఈ చరిత్రలో అన్నిటికంటే పెద్ద పాఠం చెంచులది. చెంచులక్ష్మి కథ మీకు తెలుసు. 1943లో ఒకసారి, 1958లో ఒకసారి సినిమాగా కూడా వచ్చింది. హిరణ్యకశిపుణ్ణి చంపిన ఉగ్ర నరసింహుడు నల్లమలలో చెంచుపిల్లను చూసి మనసుపడి పెండ్లి చేసుకుంటాడు. కథగా చూస్తే అంతే. సమాజంగా చూస్తే ఎంత పెద్ద మాటో ఆలోచించండి. అడవిలో తేనె తీసుకుని, గడ్డలు తవ్వుకుని బతికే జనానికి దేవుడు అల్లుడు. వాళ్లు దేవుడికి మామలు, బావమరుదులు. భక్తుడు కిందా దేవుడు పైనా అనే లెక్క ఇక్కడ చెల్లదు.

అందుకే పారువేట మొదలయ్యేటప్పుడు చెంచులు పల్లకీ వైపు విల్లు ఎక్కుపెట్టి బాణం వేసే ఆచారం ఉంది. ఇంకెవరైనా దేవుడి మీదికి బాణం వేస్తే అపచారం. చెంచు వేస్తే అది బావమరిది సరసం, అడవిదారిలో కాపు. కడపలో ఉగాది నాడు ముస్లింలు బీబీ నాంచారమ్మను తమ ఆడబిడ్డగా తలచి దేవుని కడప వెంకటేశ్వరుడి గుడికొచ్చి మొక్కుకోవడం మీకు తెలిసిందే. అక్కడా దేవుడు అల్లుడే. కరువులో పుట్టి కరువులో పెరిగిన సీమ, వేరేవాణ్ణి తనవాణ్ణి చేసుకోవడానికి కనిపెట్టిన దారి ఈ చుట్టరికం. దీన్ని ఏ పాఠ్యపుస్తకమూ మనకు చెప్పలేదు.

మన తప్పులు కూడా మాట్లాడుకోవాలి

మిత్రులారా, పొగడ్తతో ముగిస్తే ఈ ప్రసంగానికి అర్థం లేదు. చేదు మాటలు కూడా చెప్పుకోవాలి.

ఒకటి. అల్లుడికి ఏటా పల్లకీ లేస్తుంది, మరి మామల బతుకేమిటి? బాణం వేసే రోజు చెంచు ముందుంటాడు, ఫోటోల్లో ఉంటాడు. మర్నాటి నుంచి కనపడడు. నల్లమల పులుల అభయారణ్యమయ్యాక అడవిలో వాళ్ల తిరుగుడు మీద ఆంక్షలొచ్చినాయి. 2006లో అటవీహక్కుల చట్టం వచ్చింది. ఆ చట్టం కింద పట్టా చేతికందని చెంచు గుడిసె ఒక్కటి ఉన్నా, పారువేట బాణానికి మనం కట్టే గౌరవం ఉత్తుత్తిదే.

రెండు. పల్లకీ ఊరికొచ్చినప్పుడు ఎవరి వీధికి ముందు, ఎవరి టెంకాయ ముందు అని పట్టింపులు పెరిగినాయి. ముఠాకక్షల కాలంలో పండగ పందిళ్ల కింద కూడా బెదిరింపులు నడిచినాయని మన తరానికి తెలుసు. సీమ అంటే బాంబులే అని సినిమాలు తీసి డబ్బులు చేసుకున్నవాళ్ల మీద మనకు కోపముంది. ఆ కోపం న్యాయమే. కానీ ముప్పై ఊళ్లను ఆరు వందల ఏండ్లుగా కలిపి కట్టిన పల్లకీ ముందు మనం కొట్టుకుంటే, వాళ్ల చేతికి కథ అందించింది మనమే అవుతాం. ఇంకో మాట. ‘‘పల్లకీ మా వీధికి ఎందుకు రాదు’’ అని అడిగే ఇల్లు ఏ ఊళ్లో ఉన్నా, ఆ ఊరు పారువేటను సగమే చేసినట్టు. చెంచు ఇంటి అల్లుడైన సామికి దళితవాడ దారి తెలియకుండా పోతుందా? దారి తెలియనిది మనకు.

మూడు. పల్లకీ మోసే బోయీలు. తరతరాలుగా ఆ భుజాలు మారుతూ వచ్చినాయి. నలభై రోజులు ఇల్లూ వాకిలీ వదిలి, పొలం పని వదిలి, కాలువగట్లమ్మటా చేలగట్లమ్మటా నడుస్తారు. వాళ్ల భుజాలకు కాసిన కాయలే ఈ చరిత్రకు శాసనాలు. పండగ పోస్టర్ల మీద నాయకుల బొమ్మలుంటాయి, చందాదారుల బొమ్మలుంటాయి. ఒక్క బోయీ బొమ్మ ఎప్పుడైనా చూసినారా? ఆ ఇళ్ల పిల్లలు చదువుకుని వేరే పనులకు పోతున్నారు, పోవాల్సిందే. మోసేవాళ్లకు మర్యాద, కూలి, పిల్లల చదువుకు ఆసరా ఉంటేనే రేపు భుజం దొరుకుతుంది. లేకపోతే సామిని ట్రాక్టర్ ఎక్కించే రోజొస్తుంది.

ఏం చేయాలి?

పారువేటకు యునెస్కో గుర్తింపు తేవాలని కొంతకాలంగా ప్రయత్నాలు జరుగుతున్నాయి. మంచిదే, రావాలి. అయితే బయటివాడి సర్టిఫికెట్ వచ్చేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోవద్దు. కంపెనీ కాలంలో మెకంజీ దొర మనుషుల్ని పంపి ఊరూరి కైఫీయతులు రాయించుకున్నాడు. పన్నులు వసూలు చేసే పరాయివాడికి మన ఊళ్ల కథలు కావాల్సి వచ్చినాయి. ఊరు మనది, తాత మనవాడు, మరి మనకెందుకు అక్కరలేకపోయింది?

విద్యార్థులకు ఒక పని చెప్తున్నాం. ముప్పైకి పైగా ఊళ్లున్నాయి. ఊరికిద్దరు చొప్పున పోండి. తెలుపు ఎవరు కట్టినారు, పల్లకీ ఏ దారిన వస్తుంది, ఏ ఇంటికి ఏ బాధ్యత ఉంది, ఏ ఏడు ఎందుకు గొడవైంది, ఎట్లా సర్దుకున్నారు, కరువు సంవత్సరాల్లో ఎట్లా జరిపినారు, ఇవన్నీ ముసలివాళ్లను అడిగి రాసుకోండి. మీ చేతిలోని ఫోన్లోనే గొంతు పట్టుకోండి. అవ్వతాతలను మాట్లాడనియ్యండి, మధ్యలో మీ తెలివితేటలు చూపించొద్దు. చెంచుగూడెం పోయి వాళ్ల నోట వాళ్ల కథ వినండి. బోయీల పేర్లు వంశాల వారీగా రాయండి.

ఉద్యోగులకు ఇంకో పని. మీలో ఉపాధ్యాయులున్నారు, రెవెన్యూవాళ్లున్నారు, అటవీశాఖవాళ్లున్నారు. బళ్లో పిల్లలకు ఏడాదికి ఒక పాఠం చెప్పండి. చెంచుల పట్టా కాగితం మీ బల్ల మీద ఉంటే పారువేట లోపల కదిలించండి. మీరు కొట్టే మొదటి టెంకాయ అదే.

ఒక మాట చెప్పి ముగిస్తాం. 1937 నవంబరు 16న మన పెద్దలు శ్రీబాగ్ ఒడంబడిక మీద సంతకాలు చేసినారు. అది కాగితం మీద ఉంది. అందులో ఎన్ని మాటలు నిలబడ్డాయో మీకు తెలుసు. పారువేటకు ఏ కాగితమూ లేదు. ఫలానా రోజు నీ ఊరికొస్తానని సామి సంతకం పెట్టలేదు, ఎదురొస్తామని ఊరు సంతకం పెట్టలేదు. అయినా తరాల తరబడి వీళ్లూ తప్పలేదు, వాళ్లూ తప్పలేదు. మాట అంటే ఏమిటో పాలకులకు చెప్పే హక్కు ఇటువంటి జనానికే ఉంటుంది. ఆ హక్కు నిలవాలంటే ముందు మనలో మనం మాట తప్పకూడదు. చెంచుకు, బోయీకి, ఊరి చివరి వీధికి మనం బాకీ పడిన మాటలున్నాయి.

వచ్చే కనుమకు బాచేపల్లిలో కలుద్దాం. టెంకాయ తెచ్చుకోండి. దాంతోపాటు ఒక నోటుబుక్కు కూడా తెచ్చుకోండి.

సెలవు.